ఎనిమిదవ యూనిట్

డిగ్రీ చదివినవారిలో చాలామందికి జ్ఞాపకం లేని పేపరు ఒకటున్నది. బి.ఏ. వారూ, బి.కాం. వారూ, బి.ఎస్సీ. వారూ ఒకే గదిలో కూర్చొని చదివిన పేపరు అది. మా రోజులలో దాని మార్కులు డివిజన్ లెక్కలోనికి వచ్చేవి కావు. కాని అందులో ఉత్తీర్ణులు కానిదే పట్టా చేతికి వచ్చేది కాదు. ఉన్నా లాభం లేనిది, లేకపోతే మాత్రం నష్టం తెచ్చేది. దాని పేరు పర్యావరణ అధ్యయనం. పొడి అక్షరాలలో ‘ఈవీఎస్’ అనేవాళ్ళం. ఆ మూడక్షరాల వెనుక ఏముందో అడిగే తీరిక ఎవరికీ ఉండేది కాదు.

ఈ పేపరు గురించి వ్రాయాలని చాలాకాలంగా అనుకొంటున్నాను. విశ్వవిద్యాలయాలను విమర్శించడానికి కాదు. కర్నూలు జిల్లా పడమటి అంచున, ఆదోని–ఎమ్మిగనూరుల నడుమ, ఆ పేపరులోని ప్రతి పాఠమూ నేలమీద ఎలా పరచుకొని ఉన్నదో, దానిని చూడకుండానే మేము ఎలా పరీక్ష వ్రాసివచ్చామో, దానివలన ఒక మిత్రుని జీవితంలో ఏమి జరిగినదో చెప్పడానికి.

ముందుగా ఆ పేపరు పుట్టుక. అది విద్యావేత్తల సభలో పుట్టినది కాదు, న్యాయస్థానంలో పుట్టినది. న్యాయవాది ఎం.సి. మెహతా వేసిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 1991 నవంబరు 22న ఒక ఆదేశమిచ్చింది. సినిమాహాళ్ళలో పర్యావరణం గురించి స్లయిడ్లు వేయాలి, రేడియోలోనూ దూరదర్శన్‌లోనూ కార్యక్రమాలు రావాలి, బడులలోనూ కళాశాలలలోనూ పర్యావరణాన్ని తప్పనిసరిగా బోధించాలి. ఇదీ దాని సారాంశం. పుష్కరకాలం గడిచినా బోధన మాట నత్తనడకనే ఉండటంతో 2003 డిసెంబరు 18న న్యాయస్థానం మరల గట్టిగా చెప్పవలసివచ్చింది. అప్పుడు యూజీసీ రూపొందించిన ఆరు నెలల పాఠ్యక్రమం దేశంలోని డిగ్రీ విద్యార్థులందరికీ వచ్చింది. పుణెలోని భారతీ విద్యాపీఠానికి చెందిన ఎరాక్ భరూచా యూజీసీ కొఱకు దానికొక పాఠ్యపుస్తకం కూడా వ్రాశారు.

ఆ పాఠ్యక్రమాన్ని ఇప్పుడు తీరికగా చూస్తే, వ్రాసినవారిపట్ల గౌరవం కలుగుతుంది. ఎనిమిది యూనిట్లు, 50 తరగతులు. మొదటి యూనిట్ పర్యావరణ అధ్యయనం అంటే ఏమిటో చెబుతుంది, దానికి రెండు తరగతులు. తరువాత ప్రకృతి వనరులకు ఎనిమిది, ఆవరణ వ్యవస్థలకు ఆరు, జీవవైవిధ్యానికి ఎనిమిది, కాలుష్యానికి ఎనిమిది, సామాజిక సమస్యలకు ఏడు, జనాభాకు ఆరు. చివరిది, ఎనిమిదవ యూనిట్, క్షేత్ర పర్యటన. దానికి అయిదు గంటలు. మీ ఊళ్ళోని నదినో కొండనో పచ్చికబయలునో చూసి రండి, మీ ఊళ్ళోనే కలుషితమైన చోటు ఒకటి చూసి రండి, చుట్టూ ఉన్న మొక్కలను, పురుగులను, పక్షులను గుర్తుపట్టండి, ఒక చెరువునో కొండవాలునో పరిశీలించి వ్రాయండి అన్నది దాని సారాంశం. నూరు మార్కులలో 75 వ్రాతపరీక్షకు, 25 ఈ పర్యటనకు. ఏడు యూనిట్లు పుస్తకంలోనివి. ఎనిమిదవది మాత్రం పుస్తకంలో లేదు, ఉండదు. ఏ ఊరివారు ఆ ఊరిలో వెదుక్కోవలసినది.

నేను 2006లో డిగ్రీలో చేరాను. ఇల్లు ఎమ్మిగనూరు, చదువు ఆదోని. నడుమ సుమారు 30 కిలోమీటర్లు, బస్సులో గంట. కళాశాల పేరు ఇక్కడ అప్రస్తుతం. అటువంటి కళాశాలలు ఊరూరా ఉన్నాయి. రెండవ సంవత్సరంలో ఈ పేపరు వచ్చింది. మూడు గ్రూపుల వారినీ కలిపి పెద్ద గదిలో కూర్చోబెట్టేవారు. జంతుశాస్త్రం చెప్పే మాష్టారికే ఈ బరువు కూడా ఎత్తారు. ఆయన మంచివాడే. వెనుక బెంచీలవారికి వినబడాలని గొంతు చించుకొని, చివరికి నల్లబల్లమీద ప్రశ్నల అంకెలు వేసి ‘ఇవి చదువుకొంటే చాలు’ అనేవారు. గైడు పుస్తకం చేతిలో ఉన్నవాడికి ఆ అంకెలే చాలు.

క్షేత్ర పర్యటన అయిదు గంటలూ మా కళాశాలలో ఒక మధ్యాహ్నం రికార్డు పుస్తకాలు అప్పగించడంతో ముగిశాయి. ఆ రికార్డులు సీనియర్ల నుంచి జూనియర్లకు ఆస్తిలాగా సంక్రమించేవి. అట్టమీద పేరు మారేది, లోపల విషయం మారేది కాదు. ఆ ఏడు సగానికి పైగా రికార్డులలో ఉన్నది కొల్లేటి సరస్సు. 2006లో కొల్లేటిలోని చేపలచెరువుల కట్టలను ప్రభుత్వం తెగగొట్టించింది, ఆ వార్తలూ బొమ్మలూ పత్రికలలో విస్తారంగా వచ్చాయి, కత్తిరించి అంటించుకోవడానికి అనువుగా ఉన్నాయి. కొల్లేరు మాకు రాష్ట్రపు ఆవలి కొస. మా గదిలో దానిని కళ్ళతో చూసినవాడు ఒక్కడు కూడా లేడు. కిటికీలోంచి చూస్తే మాత్రం ఆదోని కొండ కనబడేది. గుండ్లమీద గుండ్లు పేర్చినట్లుండే ఆ కొండమీద విజయనగర కాలపు కోట ఉన్నది. నది లేని చోట, కొండనెత్తిన ఒక కోట బ్రతికిందంటే వాననీటిని పట్టి నిలువచేసికోవడం తెలిసినవారు అక్కడ ఉండబట్టే. కొండ దిగువన రామజల చెరువు ఉన్నది. ‘వాననీటి సంరక్షణ’ అన్న నాలుగు మార్కుల ప్రశ్నకు అంతకంటె మంచి జవాబు ఎక్కడుంటుంది? కాని ఆ ప్రశ్నకు మేమందరం గైడులోని గొట్టం బొమ్మనే గీశాము. మేడకప్పు నుంచి ఇంకుడుగుంతకు దిగే గొట్టం.

నా రికార్డు పేరు ‘మా ఇంటి బిందెలోని నీరు ఎక్కడిది?’ మా వీథిలో కొళాయి వచ్చే రోజున ఇరుగుపొరుగు ఆడవారంతా తెల్లవారుజామునే వరుస కట్టేవారు. ఆ వరుసను చూస్తూ పెరిగినందువలన ఆ ప్రశ్న నాకు సహజంగా తట్టింది. వెదికితే దారి చాలా పొడవుగా తేలింది. ఆదోనికైనా ఎమ్మిగనూరుకైనా త్రాగునీటి ప్రధాన ఆధారం తుంగభద్ర దిగువకాలువ. మా ప్రాంతంలో అందరూ ‘ఎల్లెల్సీ’ అంటారు. కాలువ పారినన్నాళ్ళు నీటిని పెద్ద నిలువచెరువులలో నింపుకొని వేసవిలో త్రాగాలి. ఆ కాలువ హొసపేట దగ్గరి తుంగభద్ర ఆనకట్టనుంచి వస్తుంది. ఆ ఆనకట్టకు నీరు పడమటి కనుమలనుంచి వస్తుంది. శివమొగ్గ దగ్గర కూడ్లిలో తుంగ, భద్ర కలిసి ఒకటవుతాయి. అంటే మా అమ్మ ముంచే చెంబెడు నీటికి మలెనాడులో పడిన వాన కారణం.

ఆ కాలువకు ఆంధ్రప్రదేశ్ వాటా 24 టీఎంసీలు. దాని క్రింద కర్నూలు జిల్లాలో సుమారు 1.51 లక్షల ఎకరాల ఆయకట్టు ఉన్నదని కాగితాలలో ఉంటుంది. కాని కాలువ కర్ణాటకలో చాలా దూరం పారి, దారి పొడుగునా దాహాలు తీర్చి, మా సరిహద్దు చేరేసరికి అలసిపోతుంది. చిట్టచివరి పొలానికి చేరేది నీరు కాదు, నీటి వార్త. ఆనకట్టకు కూడా వయసు మీదపడింది. 1953లో నిండినప్పుడు దాని సామర్థ్యం 133 టీఎంసీలు. పూడిక చేరి చేరి ఇప్పుడు సుమారు 105కు తగ్గింది. 2024 ఆగస్టు 10 రాత్రి 19వ గేటు గొలుసు తెగి కొట్టుకొనిపోయినప్పుడు, మా ఊళ్ళవాళ్ళు టీవీల ముందు కూర్చొని నదిలో పోతున్న నీటిని చూసినది కళ్ళతో కాదు, గొంతుతో. ‘ఆనకట్టలు – లాభాలు, సమస్యలు’ అన్న శీర్షిక రెండవ యూనిట్‌లోనే ఉన్నది. ‘నీటికొఱకు వివాదాలు’ అన్నది దాని ప్రక్కనే. మాకు వాటికి ఉదాహరణలుగా గైడులో వేరే నదుల పేర్లు ఉండేవి.

నా సంగతి ఇంతటితో చాలు. ఆ నేలకు సంబంధించిన మరి రెండు మాటలు చెప్పి అసలు విషయానికి వస్తాను.

ఆదోని అంటే పత్తి. అక్కడి మార్కెట్ యార్డు రాష్ట్రంలోని పెద్ద పత్తి మార్కెట్లలో ఒకటి. కోతల కాలంలో ఊరు ఊరంతా దూది రేణువులు గాలిలో తేలుతుంటాయి. ఈ నల్లరేగడి నేలకు పత్తి క్రొత్త కాదు. ముంగారి పత్తి అనీ, హింగారి పత్తి అనీ కారులను బట్టి పేర్లుండేవి. ముంగారి అంటే తొలకరిది, హింగారి అంటే వెనుకటి వానలది. ఆ పత్తి సాళ్ళ నడుమ కొర్ర వేసేవారు. వాన తక్కువైతే కొర్ర అన్నం పెట్టేది, వాన సాగితే పత్తి డబ్బు పెట్టేది. రెండూ పోవడం అరుదు. జీవవైవిధ్యమన్న నాలుగవ యూనిట్‌కు ఆ సాళ్ళే సరియైన పాఠం. 2002లో దేశంలో బీటీ పత్తికి అనుమతి వచ్చిన తరువాత ఆ సాళ్ళు క్రమంగా చెరిగిపోయాయి. ఇప్పుడు కనుచూపు మేర పత్తి ఒక్కటే. ఒక్క వాన తప్పినా, ఒక్క పురుగు పడినా, అంతా ఒక్కసారిగా పోతుంది. బీటీని ఎదిరించే గులాబీరంగు పురుగు వచ్చిన తరువాత రైతుకు మందు ఖర్చు కూడా మరల వచ్చిపడింది.

ఎమ్మిగనూరు అంటే మగ్గం. 1938లో మాచాని సోమప్పగారు అక్కడ నేతకారుల సహకార సంఘాన్ని స్థాపించారు. కరవు సీమలో నేతపనివాళ్ళు ఊరు విడిచిపోకుండా పని, నూలు, కూలి ఒకచోట దొరికేటట్లు చేసిన సంస్థ అది. 1954లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. పట్టణంలో మా తాతల తరం ఆ సంఘం నీడన బ్రతికింది. దానిని మేము చరిత్రగానో వాణిజ్యశాస్త్రంగానో విన్నాము. నేను దానిని పర్యావరణ పాఠమనే అంటాను. వాన కురవని ఏడు కూడా మనిషి తన ఊళ్ళోనే ఉండి అన్నం తినగలగడమే కదా ఆ శాస్త్రానికి పరమార్థం. ఆ నీడ ఎంతవరకు పరచుకొన్నదో అంతవరకే ఊళ్ళు నిలిచాయి. దాని ఆవల ఉన్న ఊళ్ళ కథే నా మిత్రుని కథ.

అతడు కోసిగి వైపునుంచి వచ్చేవాడు. బి.ఏ. విద్యార్థి. ఈవీఎస్ గదిలో మాత్రమే మేమిద్దరం ఒక బెంచీవాళ్ళం. మాటల మధ్య ‘మా అమ్మనాయన సుగ్గికి పోయినారప్పా’ అనేవాడు. ఈ ‘సుగ్గి’ అన్న మాట కోస్తా మిత్రులకు తెలిసి ఉండదు. ఆదోని, ఆలూరు తాలూకాలు 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా బళ్ళారి జిల్లాలోనివి. అందుచేత మా తెలుగులో కన్నడపు మాటలు చాలా ఉంటాయి. కన్నడంలో సుగ్గి అంటే పంటకోతల కాలం, సంక్రాంతి వేళ పండుగ కాలం. ఆ మాటే సరిహద్దు దాటి మా పడమటి మండలాలకు వచ్చి అర్థం మార్చుకొన్నది. మా దగ్గర సుగ్గి అంటే పరుల పంట కోయడానికి ఊరు విడిచిపోవడం. ఖరీఫు అయిపోగానే కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు, మంత్రాలయం మండలాల ఊళ్ళనుంచి కుటుంబాలకు కుటుంబాలు గుంటూరు వైపు మిరపచేలకు, తెలంగాణకు పత్తి తీయడానికి, బెంగళూరుకు కట్టడాల పనికి పోతాయి. వంటపాత్రలు, కట్టెలు, చంటిబిడ్డలు, మేకపిల్ల, అన్నీ ఆ లారీలోనే. ముసలివాళ్ళు మాత్రం ఊళ్ళో మిగులుతారు. ఒక మాట అర్థం పండుగనుంచి వలసకు మారిందంటే ఆ నేలకు ఏమి జరిగినదో వేరే చెప్పనక్కరలేదు.

రికార్డుల సమయంలో నేను అతనిని అడిగాను, కొల్లేరు బొమ్మలు కావాలా అని. ‘కొల్లేరు నేను చూళ్ళేదప్పా. చూసినోళ్ళు రాసుకోనీ. మా ఊరు చూసినా, అదే రాస్తా’ అన్నాడు. అన్నట్లే వ్రాశాడు. తన ఊరి పటం గీశాడు. ఒక్కొక్క వీథి, ఒక్కొక్క ఇల్లు. తాళం వేసిన ఇంటిమీద చిన్న తాళం బొమ్మ. ముసలివాళ్ళు మాత్రమే మిగిలిన ఇంటిమీద ఒక చేతికర్ర బొమ్మ. క్రింద వివరణలో ఊరి చెరువు ఎన్నేళ్ళుగా నిండలేదో, బోర్లు ఎంత లోతు పోయాయో, బీళ్ళు ఎప్పుడు తగ్గాయో, బీళ్ళు పోయాక గొర్రెలు ఎట్లా పోయాయో, ఊరిపెద్దలను అడిగి వ్రాశాడు. చివర ఒక పట్టిక. ఏ నెలలో ఊళ్ళో ఎవరుంటారు, ఏ నెలలో ఎవరుండరు. నేను నేటివరకు చాలా నివేదికలు చదివాను. అంత స్పష్టంగా ఒక ఊరి పర్యావరణం చెప్పినది మరొకటి చూడలేదు.

మాష్టారు పుటలు త్రిప్పి, ‘ఇది పర్యావరణం కాదు నాయనా, సోషియాలజీ. చెట్టు లేదు, పిట్ట లేదు’ అన్నారు.

‘అవి లేకనే గదా సార్, మా ఊరోళ్ళు పోయినది’ అన్నాడు మావాడు.

గదిలో నవ్వులు. మాష్టారు కూడా నవ్వారు. 25కు ఏదో అంకె వేసి ముందుకు జరిపారు. ఆయన తప్పు పట్టుకోలేను. వందల రికార్డులకు ఒక్క మధ్యాహ్నం. ఆ గొలుసులో ఎవరికీ ఎవరినీ చూసే వ్యవధి లేదు. కాని ఆ పాఠ్యక్రమంలోని ఆరవ యూనిట్‌లో నిర్వాసితుల పునరావాసం ఉన్నది, నీటి సంరక్షణ ఉన్నది, బంజరుల పునరుద్ధరణ ఉన్నది. ఏడవ యూనిట్ అంతా జనాభా గురించే. ఆ కుర్రవాడు తెలిసో తెలియకనో రెండు యూనిట్లను ఎనిమిదవదానిలోనికి తెచ్చి కలిపాడు. పాఠ్యక్రమం కోరినది సరిగ్గా అదే.

తరువాత జరిగినది చిన్న విషయమే. ఆ ఏడు చలికాలంలో అతని తండ్రికి జబ్బు చేసింది. మేస్త్రీ దగ్గర అడ్వాన్సు అప్పటికే తీసుకొని ఉన్నారు. అడ్వాన్సు తీసుకొన్న ఇంటినుంచి చేతులు వెళ్ళాలి, ఎవరివైనా సరే. తండ్రికి బదులు కొడుకు వెళ్ళాడు. ఈవీఎస్ పరీక్ష తక్కిన పేపర్లకంటె ముందుగా, విడిగా పెట్టారు. ఆ తేదీ అతనికి తెలిసేసరికి ఆలస్యమైపోయింది. మిరపచేనినుంచి బయలుదేరి, బస్సులు మారి, ఆదోని చేరేసరికి పరీక్ష అయిపోయి మరునాడు. తక్కిన పేపర్లన్నీ వ్రాశాడు, అన్నిటిలోను ఉత్తీర్ణుడయ్యాడు. ఒక్క పర్యావరణం మిగిలింది. మరుసటి ఏడూ సుగ్గి వేళే ఆ పరీక్ష వచ్చింది. డిగ్రీ మూడేళ్ళూ ముగిసి, బి.ఎడ్. ప్రవేశ పరీక్షలో సీటు వచ్చే ర్యాంకు తెచ్చుకొన్నా, ప్రవేశాల నాటికి చేతిలో పట్టా లేదు. ఆ పేపరు తరువాతి ఏడు వ్రాసి గట్టెక్కాడు. కాని ఆ వెళ్ళిన సీటు మరల రాలేదు, మరల వ్రాసే తీరికా దొరకలేదు.

వాన లేక ఊరు విడిచినవాడు, ఊరు విడిచినందువలన, వానలెందుకు ముఖ్యమో చెప్పే పేపరులో తప్పాడు. ఈ వాక్యం వ్రాయడానికే ఇంతదూరం వచ్చాను.

అతడు ఇప్పుడు బెంగళూరులో కట్టడాల మేస్త్రీ. అప్పుడప్పుడు ఫోనులో మాట్లాడుకొంటాము. ‘అడ్వాన్సు ఇచ్చేది ఇప్పుడు నేనేనప్పా’ అన్నాడు ఒకసారి. ఆ గొంతులో గర్వమున్నదో దుఃఖమున్నదో నాకు తెలియలేదు. పరీక్షలు వ్రాసే పిల్లలున్న ఇంటివాళ్ళకు మాత్రం, పరీక్షల తేదీలు అడిగి తెలిసికొన్న తరువాతనే పని తేదీలు చెబుతాడట.

నా డిగ్రీ పూర్తయిన ఏడే, 2009లో, మరొక పాఠం వచ్చింది. ఆ ఏడు దేశమంతటా ఋతుపవనాలు ముఖం చాటేశాయి. మా పడమటి మండలాలలో పైరు ఎండి, జనం మామూలుకంటె ముందే మూటలు కట్టుకొంటున్న వేళ, సెప్టెంబరు చివర కుండపోత మొదలైంది. అక్టోబరు 2న తుంగభద్ర మంత్రాలయాన్ని ముంచింది, కర్నూలు నగరాన్ని ముంచింది. ఒకే జిల్లాలో, ఒకే ఏడాదిలో, కరవూ వరదా. మా గైడులో ‘వరదలు’ ఒక ప్రశ్న, ‘కరవు’ ఒక ప్రశ్న. రెంటిలో ఏదో ఒకటే వస్తుందని, ఒకటి చదివి ఒకటి వదిలేసినవారు మాలో చాలామంది. నేలమీద ఆ రెండూ ఒకే ప్రశ్న. చెరువులు పూడి, కొండలు బోడులై, ఆగవలసిన చోట నీరు ఆగకపోతే, కురవనప్పుడు అది కరవు, కురిసినప్పుడు వరద.

ఇదంతా పాతకథ కదా అనవచ్చు. కాదు. 2024 చివరలో దేవనకొండ మండలం కప్పట్రాళ్ళ అడవిలో యురేనియం కొఱకు అన్వేషణగా బోర్లు వేస్తారన్న వార్త వచ్చి చుట్టుప్రక్కల ఊళ్ళవాళ్ళు రోడ్డెక్కారు. ఆ నవంబరులో ప్రభుత్వం ఆ ప్రయత్నాన్ని ఆపుతున్నట్లు ప్రకటించింది. ఆ రోజులలో ఊళ్ళవాళ్ళు అడిగిన ప్రశ్నలు చాలా సామాన్యమైనవి. బోరు వేస్తే మా నీళ్ళకేమవుతుంది? అనుమతి ఎవరిస్తారు? మమ్మల్ని ఎవరు అడగాలి? ఆ ఊళ్ళలో డిగ్రీ చదివిన పిల్లలు ఉండే ఉంటారు. వారందరూ మా పేపరే వ్రాసి ఉంటారు. ఆ ప్రశ్నలకు జవాబులున్న చట్టాల పేర్లు ఆరవ యూనిట్‌లో ఉన్నాయి, సంవత్సరాలతో సహా. కాని సంవత్సరాలు కంఠస్థం చేసినవానికి, ఆ కాగితం పట్టుకొని ఏ కార్యాలయానికి వెళ్ళాలో ఎవరూ చెప్పలేదు.

పాఠ్యక్రమం మారుతూనే ఉన్నది. 2023లో యూజీసీ, క్రొత్త విద్యావిధానం ప్రకారం, పర్యావరణ విద్యకు క్రొత్త చట్రం ప్రకటించింది. ఇప్పుడు వాతావరణ మార్పుకు ప్రత్యేకంగా ఒక యూనిట్ ఉన్నది. చివరి యూనిట్ మాత్రం మరల క్షేత్ర పర్యటనే. సంఖ్య మారినా స్థానం మారలేదు. అది ఇప్పటికీ చివరనే ఉన్నది, వదిలేయడానికి సులువుగా.

మా అక్క కూతురు నిరుడు ఎమ్మిగనూరులో డిగ్రీలో చేరింది. ‘మామా, ప్రాజెక్టుకు ఏమన్నా రెడీగా ఉందా నీ దగ్గర?’ అని అడిగింది. రెడీగా ఏమీ లేదు. అయిదు గంటలకు అయిదు పనులు వ్రాసి పంపాను. ఏ ఊరివారికైనా కొద్ది మార్పులతో పనికివస్తాయని ఇక్కడ పెడుతున్నాను.

మొదటి గంట: మీ కొళాయి నీటిని వెనక్కు వెంబడించు. నిలువచెరువు, కాలువ, ఆనకట్ట, నది, కొండ. ఎక్కడెక్కడ ఎవరు ఆ నీటిని వాడుకొంటున్నారో వ్రాయి.

రెండవ గంట: ఆదోని మార్కెట్ యార్డుకు వెళ్ళి, పత్తి తెచ్చిన ఒక రైతును అడుగు. ఈ బోరెం పండడానికి ఎన్నిసార్లు మందు కొట్టావు, ఖాళీ డబ్బా ఏమి చేశావు అని. రెండవ ప్రశ్న మరువకు.

మూడవ గంట: ఆదోని కొండ ఎక్కు. కోట చూడడానికి కాదు. పైన పడిన వాన ఎటు పారుతుందో, ఎక్కడ ఆగుతుందో, ఇప్పుడు ఎక్కడ ఆగడం మానేసిందో చూడు.

నాల్గవ గంట: మీ అవ్వ దగ్గర కూర్చో. ఆమె చిన్నప్పుడు ఏ ధాన్యాలు తిన్నదో అడుగు. పచ్చజొన్న, తెల్లజొన్న, కొర్ర, సజ్జ, ఇంకా ఎన్ని చెబితే అన్ని వ్రాసికో. ఈనాడు మీ వంటింటి డబ్బాలలో అందులో ఎన్ని ఉన్నాయో చూడు.

అయిదవ గంట: సంక్రాంతి తరువాత కోసిగి వైపు ఏ ఊరికైనా వెళ్ళు. ఎక్కువ మాట్లాడనక్కరలేదు. ఒక వీథి పటం గీసి, తాళాలు లెక్కపెట్టు.

ఆ పిల్ల మొదటి నాలుగూ చేసింది. అయిదవ దానికి కళాశాలలో అనుమతి దొరకలేదట, ‘అది సబ్జెక్టులోకి రాదు’ అన్నారట. మొన్నటి ఆదివారం వాళ్ళ నాన్నను తోడు తీసుకొని తానే వెళ్ళివచ్చింది. మార్కులు ఎన్ని వస్తాయో తెలియదు, ఆ దిగులు ఆమెకూ ఉన్నట్లు లేదు.

ఇది చదివే మిత్రులలో కొందరు అధ్యాపకులున్నారని తెలుసు. వారికొక మనవి. ఆ అయిదు గంటలూ పిల్లలకు ఇవ్వండి. కొల్లేరు గురించి కొల్లేటి పిల్లలు వ్రాస్తారు. రెండవ మనవి, సుగ్గి వెళ్ళే ఊళ్ళ పిల్లలు మీ తరగతిలో ఉంటే, ఆ పరీక్ష తేదీ వాళ్ళ ఇంటికి చేరినదో లేదో ఒక్కసారి కనుక్కోండి. దానికి ఒక్క ఫోను చాలు.

తక్కిన మిత్రులు మీ మీ ఊళ్ళలో ఆ చివరి యూనిట్ ఎక్కడున్నదో వ్రాస్తే చదవాలని ఉన్నది.